దవడ ఎముకలోకి నోటి క్యాన్సర్: దారి తెరిచేది ఎవరు?

చిగురు మీద పుట్టిన క్యాన్సర్‌కి దవడ ఎముక ఎంతో దూరం కాదు. పంటి చుట్టూ బిగుతుగా అతుక్కుని ఉండే చిగురు కింద కొవ్వు ఉండదు, కండరం ఉండదు. కొద్ది మిల్లీమీటర్ల కణజాలం దాటితే ఎముక తొడుగు, దాని కింద ఎముక. నాలుక పక్కన పుట్టిన గడ్డ కండరంలో చాలా లోతుకి పాకితే గానీ దవడను తాకదు. అదే గడ్డ చిగురు మీదో, నాలుక కింద నోటి అడుగునో, కింది జ్ఞానదంతం వెనకున్న త్రికోణపు జాగాలోనో మొదలైతే ఎముక మొదటి రోజు నుంచీ పక్కింటి గోడే.

నోటి క్యాన్సర్లలో 90 శాతానికి పైగా స్క్వామస్ సెల్ కార్సినోమా, అంటే నోటి లోపలి పొర కణాల్లో పుట్టే క్యాన్సర్. ఇక్కడ చెప్పేదంతా దాని గురించే. ఈ గడ్డ ఎముకలోకి దిగిందంటే, చెదలు కర్రను తిన్నట్టు క్యాన్సర్ కణాలు ఎముకను కొరుక్కుంటూ పోయాయని చాలామంది అనుకుంటారు. మైక్రోస్కోప్ కింద కనిపించేది వేరు. గడ్డ అంచుకీ ఎముకకీ మధ్య తరచుగా సన్నటి పీచు కణజాలం పొర ఉంటుంది. ఆ పొర అవతల, ఎముక ఉపరితలం మీద, చెంచాతో తోడినట్టు చిన్న చిన్న గుంటలు. గుంటల్లో అనేక కేంద్రకాలున్న పెద్ద కణాలు కూర్చుని ఉంటాయి. అవి క్యాన్సర్ కణాలు కావు, రోగి సొంత ఆస్టియోక్లాస్ట్‌లు. ప్రతి మనిషి ఎముకల్లోనూ పాత ఎముకను కరిగించడానికి రోజూ పనిచేసే కణాలే అవి.

దవడలో జరిగేదానికంతటికీ ఇదే మూలం. ఎముకలోని ఖనిజాన్ని కరిగించడానికి కావలసిన సరంజామా క్యాన్సర్ కణానికి లేదు. ఆ సరంజామా ఉన్న కణాలను రప్పించి, వాటితో గోడ తీయించి, తాను లోపలికి నడుస్తుంది. చిగుళ్ల జబ్బు లేకుండానే పన్ను కదలడం, కింది పెదవి మొద్దుబారడం, ఎక్స్‌రేలో ఏమీ లేదన్నాక కూడా లోపల వ్యాధి ఉండటం, కంటికి బాగానే కనిపిస్తున్న ఎముకను సర్జన్ సెంటీమీటరు అదనంగా కోయడం, అన్నీ ఈ పద్ధతి నుంచే వస్తాయి.

ఆస్టియోక్లాస్ట్‌ను పనిలోకి దించే లెక్క

ఎముక రాయిలా కనిపిస్తుంది గానీ నిరంతరం కూలుతూ కట్టుకుంటూ ఉంటుంది. ఒకచోట ఆస్టియోక్లాస్ట్‌లు 2 నుంచి 4 వారాల్లో పాత ఎముకను తవ్వేస్తాయి. అదే గుంటను ఆస్టియోబ్లాస్ట్‌లు కొత్త ఎముకతో పూడ్చడానికి 4 నుంచి 6 నెలలు పడుతుంది. తవ్వడానికీ పూడ్చడానికీ మధ్య ఉన్న ఈ తేడాను గుర్తుంచుకోవాలి. తవ్వకం కాస్త జోరందుకుంటే చాలు, పూడిక అందుకోలేదు. పైగా పళ్ల చుట్టూ ఉండే ఎముక నమలడం వల్ల పడే ఒత్తిడికి ఎప్పుడూ సర్దుకుంటూ ఉంటుంది కాబట్టి, అక్కడ ఈ కూల్చివేత-నిర్మాణం శరీరంలోని చాలా ఎముకల కంటే వేగంగా సాగుతుంది. క్యాన్సర్ వచ్చేసరికే అక్కడ పనిముట్లు సిద్ధంగా ఉంటాయన్నమాట.

ఈ పనిని నడిపేవి మూడు ప్రోటీన్లు. మొదటిది ర్యాంక్-ఎల్. ఆస్టియోబ్లాస్ట్‌లు, ఎముక లోపల చిక్కుకుని ఉండే ఆస్టియోసైట్‌లు, కొన్ని రక్షణ కణాలు దీన్ని తయారుచేస్తాయి. రెండోది ర్యాంక్. మోనోసైట్ (ఒక రకం తెల్ల రక్తకణం) వంశానికి చెందిన ముందుతరం కణాల పైపొర మీద ఉండే రిసెప్టర్, అంటే బయటి కబురును అందుకునే ప్రోటీన్ ఇది. ర్యాంక్-ఎల్ వచ్చి ర్యాంక్‌కు తగులుకుంటే ఆ కణం ఆస్టియోక్లాస్ట్‌గా మారే దారి పడుతుంది. మూడోది ఆస్టియోప్రొటెజెరిన్, క్లుప్తంగా ఓపీజీ. ఇది ర్యాంక్-ఎల్‌ను మధ్యదారిలోనే పట్టేసి ర్యాంక్ దాకా పోనివ్వదు. ఓపీజీ సంగతి 1997లో, ర్యాంక్-ఎల్‌కు ఎముకతో ఉన్న సంబంధం 1998లో బయటపడ్డాయి. ఆ రెండేళ్లలోనే ఎముక శాస్త్రం మొత్తం మలుపు తిరిగింది. (దంతవైద్యులు దవడ మొత్తానికి తీయించే ఎక్స్‌రేను కూడా ఓపీజీ అనే అంటారు. రెంటికీ ఏ సంబంధమూ లేదు. రిపోర్టు చదివేటప్పుడు తికమక పడకూడదు.)

ఎముక కరుగుతుందా నిలుస్తుందా అన్నది ర్యాంక్-ఎల్ ఒక్కటే ఎంత ఉందన్న దాన్ని బట్టి ఉండదు, ఓపీజీతో పోలిస్తే ఎంత ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది. ర్యాంక్-ఎల్ పెరిగినా, ఓపీజీ తగ్గినా ఫలితం ఒకటే. క్యాన్సర్ ఈ రెండు పనులూ ఒకేసారి చేయిస్తుంది.

ర్యాంక్‌కు ర్యాంక్-ఎల్ తగిలాక కణం లోపల ట్రాఫ్-6 అనే ప్రోటీన్ కదులుతుంది. దాని వల్ల ఎన్‌ఎఫ్-కప్పా-బి, సి-ఫాస్ మేల్కొంటాయి. ఆ రెండూ కలిసి ఎన్‌ఎఫ్‌ఏటీసీ-1 అనే ప్రధాన స్విచ్చును వేస్తాయి. ఎన్‌ఎఫ్‌ఏటీసీ-1 ఒకసారి మొదలైతే తన జన్యువును తానే ఇంకా ఎక్కువగా పనిచేయించుకుంటుంది. ఆపైన కేథెప్సిన్-కె లాంటి ఎంజైమ్‌లను, కణాలు ఒకదానితో ఒకటి కలిసిపోవడానికి కావలసిన డీసీ-స్టాంప్ లాంటి ప్రోటీన్లను తయారుచేయిస్తుంది. విడివిడిగా తిరిగే కణాలు కలిసిపోయి 50 నుంచి 100 మైక్రాన్ల పెద్ద కణంగా మారతాయి. వీటిని బతికించి సంఖ్య పెంచడానికి ఎం-సీఎస్‌ఎఫ్ అనే మరో ప్రోటీన్ కూడా తోడు కావాలి. అది లేకపోతే ర్యాంక్-ఎల్ ఎంత ఉన్నా కరిగించే కణాలు కూడవు.

గుంటలో జరిగేది

ఆస్టియోక్లాస్ట్ పనితీరును దగ్గరగా చూడాలి, ఎందుకంటే ఆ తర్వాత క్యాన్సర్‌కు దక్కే లాభమంతా ఈ గుంటలోంచే వస్తుంది.

ముందు కణం ఎముక మీద కూర్చుని ఆల్ఫా-వి బీటా-3 ఇంటిగ్రిన్ సాయంతో ఉపరితలాన్ని గట్టిగా పట్టుకుంటుంది. అంచు చుట్టూ యాక్టిన్ పోగులతో ఒక ఉంగరం ఏర్పడి, గాజు మీద రబ్బరు కప్పును అదిమినట్టు కింది జాగాను మూసేస్తుంది. మూసిన ఆ జాగాలోకి చూసే కణపు పొర ముడతలు ముడతలుగా మారి పనిచేసే విస్తీర్ణం పెరుగుతుంది. కణం లోపల కార్బానిక్ అన్‌హైడ్రేజ్-2 అనే ఎంజైమ్ నీరు, కార్బన్ డయాక్సైడ్ నుంచి హైడ్రోజన్ అయాన్లను పుట్టిస్తుంది. ముడతల పొరలోని ప్రోటాన్ పంపులు వాటిని కిందికి తోడతాయి. వాటి వెంట క్లోరైడ్ అయాన్లు వేరే మార్గంలో దిగుతాయి. అంటే కణం కింద తయారయ్యేది సాక్షాత్తూ హైడ్రోక్లోరిక్ ఆమ్లమే. అక్కడి పీహెచ్ 4.5 దాకా పడిపోతుంది.

ఎముక బరువులో దాదాపు మూడింట రెండు వంతులు హైడ్రాక్సీఅపటైట్ అనే ఖనిజం. ఆమ్లంలో అది కరిగి కాల్షియం, ఫాస్ఫేట్‌గా విడిపోతుంది. ఖనిజం పోయాక మిగిలేది ప్రధానంగా టైప్-1 కొల్లాజెన్ పోగుల వల. ఇప్పుడు కేథెప్సిన్-కె దిగి ఆ పోగులను ముక్కలు చేస్తుంది. ఆమ్లంలో బాగా పనిచేసే ఎంజైమ్ అది. క్రమం ఎప్పుడూ ఇదే, ముందు ఖనిజం, తర్వాత కొల్లాజెన్. ఖనిజం కప్పి ఉన్నంత సేపు కొల్లాజెన్‌ను ఏ ఎంజైమూ ముట్టుకోలేదు. క్యాన్సర్ కణాలు సొంతంగా విడుదల చేసే ఎంఎంపీ ఎంజైమ్‌లు మెత్తటి కణజాలాన్ని కత్తిరించడంలో ఎంత సమర్థమైనవైనా, గట్టి ఎముక ముందు చేతులెత్తేసేది ఇందుకే. ఖనిజం కరిగి బయటపడిన కొల్లాజెన్‌ను తుడిచిపెట్టడంలో మాత్రం అవీ ఓ చేయి వేస్తాయి.

కరిగిన సరుకును ఆస్టియోక్లాస్ట్ ముడతల వైపు నుంచి లోపలికి తీసుకుని, వెనక వైపు నుంచి బయటకి వదిలేస్తుంది. ఆ వెనక వైపున ఉన్నది క్యాన్సర్.

గడ్డ పంపే కబుర్లు

క్యాన్సర్ కణం ఆస్టియోక్లాస్ట్‌తో ఎక్కువగా నేరుగా మాట్లాడదు. మధ్యలో ఆస్టియోబ్లాస్ట్‌లనీ, పీచు కణజాలాన్ని తయారుచేసే ఫైబ్రోబ్లాస్ట్‌లనీ పెట్టుకుంటుంది. దీనికి వాడే ముఖ్యమైన సరుకు పీటీహెచ్-ఆర్‌పి, పారాథైరాయిడ్ హార్మోన్‌ను పోలిన ప్రోటీన్. ఆస్టియోబ్లాస్ట్ వంశపు కణాలకు ఈ రెంటికీ తేడా తెలియదు, ఒకే రిసెప్టర్ రెంటినీ అందుకుంటుంది. పీటీహెచ్-ఆర్‌పి తగలగానే ఆ కణాలు ర్యాంక్-ఎల్‌ను పెంచి, ఓపీజీని తగ్గిస్తాయి. ఎముకను కట్టవలసిన కణమే దాన్ని కూల్చే కణాన్ని పిలిచే స్థితి ఇది.

పీటీహెచ్-ఆర్‌పి ఒక్కటే కాదు. గడ్డ నుంచి ఇంటర్‌ల్యూకిన్-6, ఇంటర్‌ల్యూకిన్-1, టీఎన్‌ఎఫ్-ఆల్ఫా అనే వాపు రేపే ప్రోటీన్లు వెలువడతాయి. కాక్స్-2 ఎంజైమ్ ద్వారా ప్రోస్టాగ్లాండిన్-ఇ2 తయారవుతుంది. ఇవన్నీ వేర్వేరు దారుల్లో వెళ్లి చివరికి ర్యాంక్-ఎల్, ఓపీజీ లెక్కనే కదిలిస్తాయి. టీఎన్‌ఎఫ్-ఆల్ఫా, ఇంటర్‌ల్యూకిన్-1 అయితే ఆస్టియోక్లాస్ట్‌లను నేరుగా కూడా రెచ్చగొడతాయి. చాలా గడ్డల్లో క్యాన్సర్ కణాలే స్వయంగా ర్యాంక్-ఎల్ తయారుచేస్తున్నట్టు కూడా తేలింది. గడ్డ చుట్టూ చేరి దానికి లొంగిపోయిన ఫైబ్రోబ్లాస్ట్‌ల పాత్రను ఒకప్పుడు తక్కువగా చూశారు. ఎముకకూ గడ్డకూ మధ్య ఉండే ఆ సన్నటి పీచు పొర నిజానికి ర్యాంక్-ఎల్ కర్మాగారం. దాన్ని అడ్డుగోడ అనుకుంటే పొరపాటే.

మరో సంగతికి తగినంత ప్రాధాన్యం దక్కడం లేదు. నోటిలో బ్యాక్టీరియా ఎప్పుడూ ఉంటుంది. చిగుళ్ల వాపు ఉన్నచోట బ్యాక్టీరియా గోడల్లోని పదార్థాలు ఇవే ఇంటర్‌ల్యూకిన్-1, టీఎన్‌ఎఫ్-ఆల్ఫాలను పుట్టిస్తాయి. ముదిరిన చిగుళ్ల జబ్బులో ఎముక కరిగేదీ ర్యాంక్-ఎల్ దారిలోనే. కాబట్టి దవడ అంచున గడ్డ పంపే కబుర్లకు, వాపు పంపే కబుర్లు తోడవుతాయి. తొడ ఎముకకో వెన్నెముకకో ఎక్కడి నుంచో వచ్చి చేరే క్యాన్సర్‌కు ఈ అనుకూలత లేదు. దవడలో వ్యాధిని వేరుగా అధ్యయనం చేయవలసిన అవసరం ఇక్కడే ఉంది. రొమ్ము క్యాన్సర్ ఎముక వ్యాప్తి గురించి తెలిసినదంతా తెచ్చి దవడకు అతికిస్తే కుదరదు.

ఎముక తిరిగి చెల్లించేది

ఎముక అంటే ఉత్త సున్నం కాదు. ఆస్టియోబ్లాస్ట్‌లు ఎముకను కట్టేటప్పుడు దానిలో పెరుగుదల కారకాలను దాచిపెడతాయి. టీజీఎఫ్-బీటా, ఐజీఎఫ్‌లు, బీఎంపీలు వగైరా. మామూలుగా అయితే గుంట తవ్వినప్పుడు ఇవి బయటపడి ఆస్టియోబ్లాస్ట్‌లను పూడికకు పిలుస్తాయి. చాలా చక్కటి ఏర్పాటు. గడ్డ పక్కనున్నప్పుడు మాత్రం ఆ సరుకు దానికి అందుతుంది.

టీజీఎఫ్-బీటా ఎముకలో నిద్రాణ రూపంలో, మరో ప్రోటీన్ తొడుగులో ఉంటుంది. గుంటలోని ఆమ్లం, ఎంజైమ్‌లు ఆ తొడుగును విప్పుతాయి. విడుదలైన టీజీఎఫ్-బీటా క్యాన్సర్ కణంలో స్మాడ్ ప్రోటీన్ల దారిలో రెండు పనులు చేయిస్తుంది. మొదటిది, పీటీహెచ్-ఆర్‌పి ఉత్పత్తిని పెంచుతుంది. అంటే మరింత ర్యాంక్-ఎల్, మరిన్ని ఆస్టియోక్లాస్ట్‌లు, మరింత టీజీఎఫ్-బీటా. ఈ విషవలయం ఆగడానికి లోపలి నుంచి కారణమేదీ ఉండదు. రెండోది, కణం స్వభావాన్నే మారుస్తుంది. నోటి పొర కణాలు మామూలుగా ఇ-క్యాడ్‌హెరిన్ అనే ప్రోటీన్‌తో ఒకదాన్నొకటి పట్టుకుని వరసగా ఉంటాయి. స్నెయిల్, స్లగ్ లాంటి జన్యు నియంత్రకాలు మేల్కొన్నాక ఆ పట్టు సడలుతుంది, విమెంటిన్ పెరుగుతుంది, కణం సాగి కదలడం మొదలుపెడుతుంది. ఈ మార్పు చాలాసార్లు సగంలోనే ఆగి ఉంటుంది. 2017లో తల-మెడ క్యాన్సర్ల మీద వెలువడిన ఏకకణ జన్యు విశ్లేషణలో, ఇలా సగం మారిన కణాలు గడ్డ అంచునే ఎక్కువగా కనిపించాయి. పూర్తిగా మారి ఒంటరిగా తిరిగే కణం కంటే, సగం మారి గుంపుగా తోసుకుపోయే కణాలే ఎముక సందుల్లోకి దూరడానికి తగినవి.

గుంట దగ్గర కాల్షియం గాఢత కూడా పెరుగుతుంది. దాన్ని పసిగట్టే రిసెప్టర్ క్యాన్సర్ కణాల మీద ఉంటే అదీ పెరుగుదలకు తోడ్పడుతుంది. గడ్డ మధ్యభాగంలో ఆక్సిజన్ చాలక హిఫ్-1 ఆల్ఫా అనే ప్రోటీన్ నిలదొక్కుకుంటుంది. కణాలు చక్కెరను లాక్టిక్ ఆమ్లంగా మార్చి బయటకి పోస్తాయి. ఆ ఆమ్లత ఆస్టియోక్లాస్ట్‌లకు మరింత ఊపునిస్తుంది, ఎముక తొడుగులోని నొప్పి నరాల చివర్లను కూడా తాకుతుంది. ఎముక చేరిన నోటి క్యాన్సర్‌లో లోతైన, రాత్రిళ్లు తగ్గని నొప్పికి ఇదొక కారణం.

పీటీహెచ్-ఆర్‌పి రక్తంలోకి ఎక్కువగా చేరితే ఒంట్లోని ఎముకలన్నిటి నుంచీ కాల్షియం కారుతుంది. ముదిరిన దశలో దాహం, మలబద్ధకం, మగత, తికమక కనబడితే కాల్షియం చూడాలి. రక్తంలో కాల్షియాన్ని మోసే అల్బుమిన్ ప్రోటీన్ తక్కువగా ఉన్న రోగిలో మొత్తం కాల్షియం అంకె మోసం చేస్తుంది. డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో వచ్చిన కాల్షియానికి, 4లోంచి అల్బుమిన్ గ్రాములను తీసివేసి 0.8తో గుణించి కలపాలి. కాల్షియం 9.8, అల్బుమిన్ 2.5 అయితే అసలు లెక్క 11.0. అంకె మామూలుగా ఉందని వదిలేస్తే ఇక్కడే దెబ్బతింటారు. సరిగ్గా తినలేక అల్బుమిన్ పడిపోవడం నోటి క్యాన్సర్‌లో మామూలే కదా.

రెండు రకాల చొరబాటు

తీసిన దవడను కోసి చూసినప్పుడు గడ్డ అంచు రెండు తీరుల్లో కనబడుతుంది. ఒకటి కోత రకం. గడ్డ వెడల్పాటి నిండు అంచుతో ముందుకి వస్తుంది. దానికీ ఎముకకూ మధ్య పీచు పొర, ఆ పొర పక్కన వరసగా ఆస్టియోక్లాస్ట్‌లు. ఎముక అంచు సాసర్‌లా గుండ్రంగా తరిగి ఉంటుంది. రెండోది చొచ్చుకుపోయే రకం. గడ్డ వేళ్లలా, దీవుల్లా చీలి మూలుగ సందుల్లోకి పాకుతుంది. మధ్యలో మిగిలిన ఎముక తునకలు తేలుతుంటాయి, పీచు పొర ఉండదు, ఆస్టియోక్లాస్ట్‌లు తక్కువ. చాలా దవడల్లో రెండూ కలిసే ఉంటాయి. తరచుగా పైన కోత రకంగా మొదలై, గట్టి పెంకు దాటి స్పాంజి లాంటి లోపలి ఎముకను చేరాక చొచ్చుకుపోయే రకంగా మారుతుంది. అక్కడ సందులు ముందే ఉన్నాయి, తవ్వాల్సిన పని తక్కువ.

చొచ్చుకుపోయే రకంలో వ్యాధి తిరగబెట్టడం ఎక్కువ, బతికే అవకాశం తక్కువ. పైపెంకు మీద గీసినట్టున్న కోత కంటే మూలుగలోకి దిగిన వ్యాధి ఎక్కువ ప్రమాదకరమని కూడా అనేక పరిశీలనలు చూపాయి. ఎముక ముట్టిందా లేదా అన్న ఒక్క ప్రశ్నతో రిపోర్టు ముగించడం సరిపోదు. ఏ తీరున, ఎంత లోతుకి అన్నది రాయాలి. క్యాన్సర్ దశను తేల్చే టీఎన్‌ఎం పద్ధతి 8వ కూర్పు కూడా కొంతవరకు ఈ తేడాను ఒప్పుకుంటుంది. పెంకును దాటి లోపలికి పోతేనే టీ4ఎ, అంటే ముదిరిన గడ్డ. చిగురు గడ్డ పంటి గుంట అంచును పైపైన తరిగినంత మాత్రాన టీ4 అనకూడదు.

లోపలికి దారులు

ఏ దారిన దిగుతుందన్నది పళ్లున్నాయా లేవా అన్న దాన్ని బట్టి మారుతుంది. పళ్లున్న దవడలో బిగుతు చిగురు, వదులు చిగురు కలిసే గీత దగ్గర, గడ్డ తాకిన చోటే ఎముకలోకి దిగడం ఎక్కువ. పంటి వేరుకూ ఎముకకూ మధ్య ఉండే లిగమెంట్ సందు మరో దారి. పన్ను తీసేసిన దవడలో శిఖరపు అంచున, అంటే పళ్లుండిన పై అంచున, పెంకు పూర్తిగా పూడి ఉండదు, అక్కడక్కడ రంధ్రాలుంటాయి, గడ్డ పైనుంచి నేరుగా దిగుతుంది. పైగా పళ్లు పోయి దవడ అరిగిపోతే నరపు కాలువ శిఖరానికి దగ్గరవుతుంది. అంతకుముందు రేడియేషన్ తీసుకున్న దవడలో ఎముక తొడుగు అడ్డుగా పనిచేయదు, ఒకేసారి అనేక చోట్ల దిగవచ్చు. పై దవడ పెంకు పలచన, దాని పైన సైనస్ ఖాళీ. అక్కడ వ్యాధి ముదిరేదాకా చడీచప్పుడూ ఉండదు.

కింది దవడ కాలువలో నడిచే నరాన్ని చేరితే గడ్డ దాని వెంట పాకగలదు. నరం నుంచీ గడ్డ నుంచీ వెలువడే ఎన్‌జీఎఫ్ లాంటి నరపోషక ప్రోటీన్లు ఒకదాన్నొకటి ఆకర్షిస్తాయి. కింది పెదవి, గడ్డం ఒకవైపు మొద్దుబారితే కారణం తేలేదాకా దాన్ని క్యాన్సర్ లక్షణంగానే పరిగణించాలి.

ఇక అందరికంటే ముందు దంతవైద్యుడి కుర్చీలో జరిగే పొరపాటు ఒకటుంది. ఒకే పన్ను, చిగుళ్ల జబ్బుకి తగినంత గార గానీ మిగతా పళ్ల కదలిక గానీ లేకుండా, వారాల్లో వదులైపోతుంది. తీసేయడం సులభం. తీసేస్తే గుంట నేరుగా మూలుగలోకి తెరుచుకుంటుంది, గడ్డకు తలుపు తీసినట్టే. ఎక్స్‌రేలో వేరు చుట్టూ అంచులు తిన్నట్టు, గజిబిజిగా, పన్ను గాలిలో తేలుతున్నట్టు కనిపిస్తే తీయడం ఆపి ముందు చిగురు ముక్కను బయాప్సీకి పంపాలి. పన్ను తీసిన గుంట 3, 4 వారాలైనా మానకుండా, కండ పెరిగి పైకి పొంగితే దాన్ని ఇన్‌ఫెక్షన్ అనుకుని మళ్లీ మళ్లీ గీకకూడదు. ఆ కండనే పరీక్షకు పంపాలి.

స్కానులో కనబడేది, కనబడనిది

మామూలు ఎక్స్‌రేలో ఎముక నష్టం కనబడాలంటే అక్కడి ఖనిజంలో 30 నుంచి 50 శాతం పోయి ఉండాలి. ఓపీజీ ఎక్స్‌రే బాగుందంటే ఎముక బాగుందని అర్థం కాదు. ముందుభాగంలో వెన్నెముక నీడ పడటం వల్ల ఆ జాగా ఇంకా మసకగా ఉంటుంది. పలచటి ముక్కలుగా తీసిన సీటీని ఎముక విండోలో (ఎముక వివరాలు తేలేలా సర్దిన చిత్రంలో) చూస్తే పెంకు కోత తెలుస్తుంది. బుగ్గ చిగురుకి అతుక్కుని ఉంటే గడ్డ ఏ వైపుదో తేలదు కాబట్టి, రోగిని బుగ్గలు ఉబ్బించమని చెప్పి సీటీ తీస్తే రెండూ విడిపడి కనబడతాయి. ఖర్చు లేని చిట్కా, చాలాచోట్ల మరచిపోతారు. పళ్లలో లోహపు పూరకాలుంటే ఆ చారలు అవసరమైన చోటే అడ్డుపడతాయి.

ఎంఆర్‌ఐ మూలుగను చూడటానికి మేలు. టీ1 అనే రకం ఎంఆర్‌ఐ చిత్రంలో కొవ్వు మూలుగ తెల్లగా ఉంటుంది, గడ్డ దిగినచోట నల్లబడుతుంది. కానీ పక్కన వాపు ఉన్నా, ఈమధ్య పన్ను తీసినా, రేడియేషన్ దెబ్బ ఉన్నా అలాగే నల్లబడుతుంది. ఎంఆర్‌ఐ ఉన్నదానికంటే ఎక్కువ చెబుతుంది, ఎక్స్‌రే తక్కువ చెబుతుంది. పైన చెప్పిన ర్యాంక్-ఎల్, ఇంటర్‌ల్యూకిన్ల గొడవ గడ్డ కంటే ముందే మూలుగను తడిపేస్తుంది, ఎంఆర్‌ఐ ఆ తడిని కూడా గడ్డగా చూపిస్తుంది. అందుకని సీటీ, ఎంఆర్‌ఐ రెండింటినీ పక్కపక్కన పెట్టుకునే నిర్ణయించాలి.

కోత ఎంత

గడ్డ ఎముక తొడుగును తాకి ఉంటే, లేదా పెంకును పైపైన తరిగి ఉంటే, దవడ కింది అంచును నిలిపి పై భాగాన్ని తీయవచ్చు. నిలిపే ఎముక కనీసం 1 సెంటీమీటరు ఎత్తు ఉండాలి, లేకపోతే నమిలేటప్పుడు విరుగుతుంది. కోత మూలలను లంబకోణంలో వదలకుండా గుండ్రంగా తిప్పాలి. లంబకోణపు మూల దగ్గరే ఒత్తిడి పోగై పగులు మొదలవుతుంది. మూలుగలోకి దిగినా, చొచ్చుకుపోయే రకమైనా, పళ్లు లేక అరిగిన దవడైనా, ముందే రేడియేషన్ పడిన దవడైనా, ఆ ముక్కను మొత్తం తీయాలి. స్కానులో కనిపించిన అంచుకి అవతల 1 సెంటీమీటరు ఎముకను కలుపుకోవడం సాధారణ పద్ధతి. తీసినచోట కాలి పిక్క ఎముకను రక్తనాళంతో సహా తెచ్చి అతకడం 1989 నుంచి ఉన్నదే.

మెత్తటి కణజాలం అంచులను ఆపరేషన్ జరుగుతుండగానే ఫ్రోజెన్ సెక్షన్‌తో, అంటే ముక్కను గడ్డకట్టించి పలచగా కోసి, చూడవచ్చు. ఎముకను అలా కోయలేం. ఖనిజాన్ని తీసేశాకే బ్లేడుకి తెగుతుంది, దానికి రోజుల నుంచి వారాల దాకా పడుతుంది. ఆపరేషన్ గదిలో చేయగలిగినది, కోసిన చివర మూలుగను గీకి ఆ గీకుడును పరీక్షించడం, నరం కొసను ఫ్రోజెన్‌కు పంపడం. ఈ రెండూ చేయకపోతే, ఎముక చివర వ్యాధి మిగిలిందని తెలిసేసరికి అతికిన కొత్త ఎముక అతుక్కోవడం మొదలుపెట్టి ఉంటుంది. ఖనిజం తీయడానికి గాఢ ఆమ్లం వాడితే పని త్వరగా అవుతుంది గానీ డీఎన్‌ఏ పాడవుతుంది. జన్యు పరీక్షలు కావాలనుకుంటే కాల్షియాన్ని పట్టి లాగే ఈడీటీఏ అనే రసాయనంలో నెమ్మదిగా తీయాలి, లేదా మెత్తటి భాగంలోంచి ముక్కను ముందే వేరుగా దాచాలి.

ఆస్టియోక్లాస్ట్‌ను ఆపితే చాలదా?

ఇంత చదివాక ఎవరికైనా వచ్చే ప్రశ్న ఇది. మందులున్నాయి. జొలెడ్రోనిక్ ఆమ్లం ఎముక ఖనిజానికి అంటుకుని, దాన్ని మింగిన ఆస్టియోక్లాస్ట్‌ను చంపుతుంది. డెనోసుమాబ్ ర్యాంక్-ఎల్‌ను పట్టుకునే యాంటీబాడీ, ఒక రకంగా ఇంజెక్షన్ రూపంలోని ఓపీజీ. వేరే అవయవాల క్యాన్సర్ ఎముకలకు పాకినప్పుడు దీన్ని 4 వారాలకోసారి 120 మిల్లీగ్రాములు ఇస్తారు. నోటి క్యాన్సర్ కణాలను ఎలుకల్లో పెట్టి జొలెడ్రోనిక్ ఆమ్లం ఇస్తే ఎముక నష్టం తగ్గింది. అయినా దవడలోకి దిగిన నోటి క్యాన్సర్‌కు ఇవి ప్రామాణిక చికిత్స కావు. దానికి గట్టి కారణాలున్నాయి.

ఆస్టియోక్లాస్ట్ ఆగితే తవ్వకం నెమ్మదిస్తుంది, గడ్డ మాత్రం చావదు. చొచ్చుకుపోయే రకంలో, ముందే ఉన్న మూలుగ సందుల్లో, నరపు కాలువలో దానికి ఆస్టియోక్లాస్ట్‌తో పెద్దగా పనిలేదు. అంతకంటే పెద్ద చిక్కు, ఈ రెండు మందుల ముఖ్యమైన దుష్ఫలితం దవడ ఎముక చచ్చిపోవడం. ఆ ప్రమాదం ఎక్కువగా ఉండేది సరిగ్గా ఇలాంటి దవడలోనే. పన్ను తీశారు, ఎముక కోశారు, నోటి బ్యాక్టీరియా తగులుతోంది, పైన రేడియేషన్ రాబోతోంది. మామూలు ఎముక మానడానికి కూడా ఆస్టియోక్లాస్ట్ కావాలి. కేథెప్సిన్-కె ఒక్కదాన్నే ఆపే ఒడనాకాటిబ్ మీద ఎంతో ఆశ పెట్టుకున్నారు. ఎముక బలహీనతకు చేసిన పరీక్షల్లో పక్షవాతం ముప్పు బయటపడటంతో 2016లో దాన్ని వదిలేశారు. క్యాన్సర్ కణం మీద ఎక్కువగా ఉండే ఈజీఎఫ్‌ఆర్ అనే పెరుగుదల రిసెప్టర్‌ను అడ్డుకునే సెటుక్సిమాబ్ 2006 నుంచి తల-మెడ క్యాన్సర్‌లో వాడుకలో ఉంది. అది గడ్డ వైపు మందు, ఎముక వైపు మందు కాదు.

కాబట్టి ఇప్పటికి ఈ వలయాన్ని తెంపేది కత్తే. ఎముకలోకి దిగిన వ్యాధికి ఆపరేషన్ తర్వాత రేడియేషన్ కలుపుతారు, సాధారణంగా 6 వారాల్లో 60 గ్రేలు (గ్రే అంటే రేడియేషన్ మోతాదు కొలత), రోజుకి 2 చొప్పున. దాన్ని ఆపరేషన్ జరిగిన 6 వారాల్లోపే మొదలుపెట్టాలి. పుండు మానలేదనో, రిపోర్టు రాలేదనో వాయిదా పడుతూ పోతే మిగిలిన కణాలకు సమయం దొరుకుతుంది. ఎముక రిపోర్టు ఆలస్యమవుతుందని ముందే తెలుసు కాబట్టి, మెత్తటి కణజాలం, మెడ గ్రంథుల రిపోర్టు అందగానే రేడియేషన్ ప్లానింగ్ సీటీ తీయించాలి. ఉంచదలచిన పళ్ల సంగతి, తీయవలసిన పళ్ల సంగతి ఆపరేషన్ బల్ల మీదే తేల్చేయాలి. రేడియేషన్ పడిన దవడలో తర్వాతెప్పుడో పన్ను తీస్తే ఆ గుంట మానకుండా ఎముక చచ్చిపోయే ముప్పు ఏళ్ల తరబడి ఉంటుంది.